ఎక్సర్‌సైజ్ సైన్సా, బయాలజీయా, నర్సింగా, బీపీటీయా? చేరేముందు పోల్చి చూసుకోవాల్సినవి

ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివితే ఏమవుతారు అని అడిగేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట కాస్త కటువుగానే ఉంటుంది. ఆ నాలుగేళ్ళ డిగ్రీ ఒక్కదానితోనే అయితే పెద్దగా ఏమీ కారు. రెండో మాట వినకుండా ఫోన్ పెట్టేస్తే మాత్రం నష్టం మీదే. ఫిజికల్ థెరపిస్టు (మన దగ్గర ఫిజియోథెరపిస్టు అంటాం) కావాలని గట్టిగా అనుకునే పిల్లలకి అమెరికాలో ఇంతకంటే పనికొచ్చే మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, నాకైతే కనపడలేదు. డాక్టర్ కావాలనుకునేవాళ్ళకి ఇది చుట్టుదారి. ఇరవై రెండేళ్ళకే ఉద్యోగమూ లైసెన్సూ చేతిలో ఉండాలంటే ఇది అసలు దారే కాదు. మీ పిల్ల ఈ ముగ్గురిలో ఎవరో తేలకుండా "మంచి కోర్సేనా అన్నయ్యా?" అంటే ఏం చెప్పను?

నేను డాక్టర్నీ కాను, థెరపిస్టునీ కాను. డాలస్ దగ్గర ఇరవై ఏళ్ళుగా డేటాబేస్‌లు చూసుకునే మనిషిని. 47వ ఏట గుండెకి స్టెంట్ వేశారు. ఆ తర్వాత కార్డియాక్ రిహాబ్ అని వారానికి మూడు రోజుల చొప్పున 36 సెషన్లు రమ్మన్నారు. అక్కడ ఒకావిడ నా ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, ట్రెడ్‌మిల్ ఎక్కించి, మధ్యమధ్యలో బీపీ చూస్తూ "ఇప్పుడు శ్రమ 6 నుంచి 20 లోపు ఎంత అనిపిస్తోంది?" అని అడిగేది. ఒకటి నుంచి పదికి పెట్టొచ్చు కదా, ఈ ఆరేమిటి, ఇరవయ్యేమిటి అన్నాను. ఆ అంకె పక్కన సున్నా పెడితే ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండె వేగానికి దగ్గరగా వస్తుందట. బోర్గ్ అనే స్వీడన్ ఆయన చేసిన కొలత. ఆవిడ నర్సు కాదు, థెరపిస్టూ కాదు. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు. అలాంటి ఉద్యోగం ఒకటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

నన్ను దింపడానికి వచ్చిన మా అమ్మాయి హాల్లో కూర్చుని ఇదంతా చూసేది. అప్పుడు పదకొండో క్లాసు. మూడో వారానికే నా ఈసీజీలో నాకంటే ఎక్కువ దానికి అర్థమవడం మొదలైంది. "నాన్నా, నేను ఇదే చదువుతాను" అంది. సంతోషించాను. ఆ తర్వాత ఒక రోజు ఆ ఫిజియాలజిస్టు మాటల్లో మాటగా, తాను రాత్రిపూట మైక్రోబయాలజీ క్లాసుకి వెళ్తున్నానని, వచ్చే ఏడాది పీఏ (డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసే ఫిజీషియన్ అసిస్టెంట్) స్కూళ్ళకి అప్లై చేస్తానని చెప్పింది. మాస్టర్స్ చేసి, ఆసుపత్రిలో పనిచేస్తూ, మళ్ళీ డిగ్రీ స్థాయి క్లాసుకి వెళ్ళడం ఏమిటా అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. ఈ మేజర్ గురించి తెలుసుకోవాల్సిన సంగతి సగం అందులోనే ఉంది.

అసలు అందులో ఏం చెబుతారు

పేరు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది. ఎక్సర్‌సైజ్ సైన్స్, కినిసియాలజీ, హ్యూమన్ పెర్ఫార్మెన్స్, ఇలా. మనవాళ్ళకి మాత్రం ఏ పేరు చెప్పినా డ్రిల్లు మాస్టారే గుర్తొస్తారు. "అంత ఫీజు కట్టి పీఈటీ చేయిస్తున్నావా?" అని మా పెద్దన్నయ్య రాజమండ్రి నుంచి ఫోన్ చేసి మరీ అడిగాడు.

అది కాదు. అనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు ల్యాబ్‌తో ఉంటాయి. కొన్ని కాలేజీల్లో మృతదేహాల మీదే నేర్పుతారు. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ల్యాబ్‌లో మూతికి మాస్కు పెట్టి, సైకిల్ తొక్కిస్తూ, శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో నిమిషం నిమిషం కొలుస్తారు. బయోమెకానిక్స్‌లో నడకని, గెంతుని బలాలుగా, కోణాలుగా విడదీస్తారు. ఇంటర్‌లో ఫిజిక్స్ అంటే భయపడ్డవాళ్ళకి కూడా అక్కడ టార్క్ అంటే ఏమిటో మోకాలి మీద చూపిస్తే అర్థమవుతుంది. షుగర్ ఉన్నవాడికి, గుండె ఆపరేషన్ అయినవాడికి, కీళ్ళు అరిగిన పెద్దావిడకి ఎంత వ్యాయామం, ఎంతసేపు, ఎంత తీవ్రతతో అని మందు మోతాదు రాసినట్టు రాయడం నేర్పుతారు. ఆఖరి ఏడాదిలో ఇంటర్న్‌షిప్.

ఇందులో కండరానికి శక్తి ఎక్కణ్నుంచి వస్తుందన్న పాఠం దాదాపు మొదట్లోనే వస్తుంది. వంద మీటర్ల పరుగులో తొలి కొన్ని సెకన్లు కండరం ప్రధానంగా ఫాస్ఫోక్రియాటిన్ మీద ఆధారపడుతుంది. ఆ పదార్థాన్ని 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి లోకానికి చెప్పింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మా అమ్మాయి పుస్తకంలో పదార్థం ఉంది కానీ ఆయన పేరు లేదు. నేనే చెప్పాను. ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి కూడా ఎంబీబీఎస్ కాక, దాని కింద లెక్కయ్యే ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చాడనీ, బోస్టన్‌లో తొలిరోజుల్లో ఆసుపత్రిలో రాత్రిపూట కిందిస్థాయి పనులు చేసుకుంటూ చదువుకున్నాడనీ కూడా చెప్పాను. అంతటి మనిషిని కూడా పట్టా మీది అక్షరాలు అలా నడిపించాయి. మన సంగతి చెప్పేదేముంది.

వెనక నుంచి ముందుకి లెక్క వేయాలి

అమెరికాలో ఆరోగ్య రంగంలో చాలా వృత్తులకి లైసెన్సు కావాలి, లైసెన్సుకి పరీక్ష, పరీక్షకి గుర్తింపు ఉన్న కోర్సు, ఆ కోర్సులో సీటుకి వాళ్ళు అడిగిన సబ్జెక్టులు. మనం మేజర్ దగ్గర మొదలుపెట్టి ముందుకి ఆలోచిస్తాం. సీటు ఇచ్చేవాళ్ళు మేజర్ పేరు పెద్దగా పట్టించుకోరు. ప్రీరెక్విజిట్లు అని వాళ్ళు అడిగిన సబ్జెక్టుల జాబితా మాత్రం అక్షరం వదలకుండా చూస్తారు.

ఫిజికల్ థెరపీ తీసుకోండి. 2016 నాటికి అక్కడ గుర్తింపు ఉన్న కోర్సులన్నీ డాక్టరేట్ స్థాయికి మారిపోయాయి. డీపీటీ అంటారు, మామూలుగా మూడేళ్ళు. చాలా స్కూళ్ళు అడిగేవి: బయాలజీ, కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఫిజిక్స్ రెండు, అనాటమీ ఫిజియాలజీ రెండు, అన్నీ ల్యాబ్‌తో. ఆపైన స్టాటిస్టిక్స్, సైకాలజీ. క్లినిక్‌లో థెరపిస్టు పక్కన నిలబడి చూసిన గంటలు. ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ సరిగా ఎంచుకుంటే వీటిలో చాలావరకు డిగ్రీలోనే కలిసొస్తాయి. పైగా డీపీటీ మొదటి ఏడాదిలో అనాటమీ, నడక విశ్లేషణ వచ్చినప్పుడు బయాలజీ నుంచి వచ్చినవాళ్ళకి అది కొత్త భాష. వీళ్ళకి రెండోసారి వినడం.

అథ్లెటిక్ ట్రైనర్ కూడా అంతే. జట్టుతో పాటు మైదానంలో ఉండి గాయాలు చూసేవాళ్ళు. ఒకప్పుడు నాలుగేళ్ళ డిగ్రీతో అయ్యేది. 2022 తర్వాత బ్యాచిలర్స్‌లో కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆగిపోయింది, ఇప్పుడు మాస్టర్స్ తప్పనిసరి. దానికి ఎక్సర్‌సైజ్ సైన్స్ సహజమైన మెట్టు. జీతం గురించి తర్వాత చెబుతాను, చూసుకుని దిగండి.

ఆక్యుపేషనల్ థెరపీకి సంగతి కొంచెం వేరు. పక్షవాతం వచ్చినాయన మళ్ళీ చొక్కా గుండీలు పెట్టుకోగలగడం, ఆటిజం ఉన్న పిల్లవాడు స్కూల్లో కుదురుగా కూర్చోగలగడం వాళ్ళ పని. అందుకే పుట్టుక నుంచి ముసలితనం దాకా సాగే డెవలప్‌మెంటల్ సైకాలజీ, అబ్నార్మల్ సైకాలజీ, సోషియాలజీ లాంటివి అడుగుతారు. ఫిజిక్స్ అడిగేవి తక్కువ. సైకాలజీ మేజర్ చేసి అనాటమీ కలుపుకున్నవాళ్ళకీ ఇక్కడ ఏ లోటూ ఉండదు.

పీఏ అంటే ఫిజీషియన్ అసిస్టెంట్. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసినవాళ్ళతో మొదలైన వృత్తి. ఆ పుట్టుక వాసన ఇప్పటికీ పోలేదు. రోగుల్ని ముట్టుకుని పనిచేసిన అనుభవం లేనివాళ్ళని వాళ్ళు నమ్మరు. వెయ్యి గంటలు అడిగే స్కూళ్ళు ఉన్నాయి, అంతకంటే ఎక్కువ అడిగేవీ ఉన్నాయి. ఎక్సర్‌సైజ్ సైన్స్ ఇంటర్న్‌షిప్‌లో జిమ్‌లో చేసిన గంటలు ఇందులో లెక్కకి రాకపోవచ్చు. నర్సింగ్ అసిస్టెంట్‌గానో, అంబులెన్స్ ఈఎంటీగానో విడిగా పనిచేయాలి. మైక్రోబయాలజీ దాదాపు ఖాయం. ఆర్గానిక్ లేదా బయోకెమిస్ట్రీ చాలాచోట్ల, జెనెటిక్స్ కొన్నిచోట్ల. ఇవేవీ ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో మామూలుగా ఉండవు. మా రిహాబ్ ఆవిడ రాత్రిపూట మైక్రోబయాలజీ ఎందుకు చదివిందో ఇప్పుడు మీకూ తెలిసింది.

ఇక మెడిసిన్. ఏ మేజరైనా ఫరవాలేదన్నది నిజమే, సంగీతం చదివి డాక్టర్లయినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండు చేయకుండా ఎంక్యాట్‌ అనే మెడికల్ ప్రవేశ పరీక్షకి కూర్చోవడం మన పిల్లలకి నేను చెప్పను. ఎక్సర్‌సైజ్ సైన్స్ మేజర్ పైన ఇవన్నీ వేస్తే ప్రతి సెమిస్టరూ కిక్కిరిసిపోతుంది. బయోమెకానిక్స్ లాంటి సబ్జెక్టుల్లో వచ్చిన మంచి గ్రేడు మెడికల్ కాలేజీలు లెక్కవేసే సైన్స్ జీపీఏలో చేరకపోవచ్చు కూడా. డాక్టరే అని నిశ్చయమైతే బయాలజీలోనో బయోకెమిస్ట్రీలోనో ఉంటే ఆ సబ్జెక్టులు డిగ్రీలో భాగంగానే అయిపోతాయి.

మాకు తగిలిన దెబ్బ

మా అమ్మాయి చేరిన కాలేజీలో ఎక్సర్‌సైజ్ సైన్స్‌కి రెండు శాఖలు ఉన్నాయి. ఒకటి గ్రాడ్యుయేట్ స్కూళ్ళకి వెళ్ళేవాళ్ళకి, ఇంకొకటి ఫిట్‌నెస్, వెల్‌నెస్ వైపు ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి. ఏదో ఒకటి టిక్కు పెట్టకపోతే రెండోదానిలో పడేసేవాళ్ళు. మేం టిక్కు పెట్టలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడ్వైజర్ మారుతూ వచ్చారు. ప్రతి సెమిస్టర్ "బాగా చేస్తోంది" అన్నారు. నిజంగానే బాగా చేసింది, నాలుగుకి మూడున్నర పైన జీపీఏ.

మూడో ఏడాది వసంతంలో డీపీటీ స్కూళ్ళ జాబితా ముందు పెట్టుకుని కూర్చుంటే బయటపడింది. అది చేసిన కెమిస్ట్రీ ఆరోగ్య కోర్సుల పిల్లల కోసం ఒక్క సెమిస్టర్‌లో కుదించిన కెమిస్ట్రీ. డీపీటీ స్కూళ్ళకి కావాల్సింది సైన్స్ విద్యార్థులు చేసే రెండు సెమిస్టర్ల కెమిస్ట్రీ. ఫిజిక్స్ ఒక్కటీ లేదు. హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల్ని ఏపీ అంటారు, అందులో బయాలజీలో మంచి స్కోరు వచ్చిందని బయాలజీ మొదటి సెమిస్టర్ వదిలేసింది. ఏపీ క్రెడిట్‌ని సైన్స్ సబ్జెక్టులకి ఒప్పుకోని స్కూళ్ళు మా జాబితాలో సగం పైనే. రెండు సమ్మర్లు కమ్యూనిటీ కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివింది. ఒక అడ్మిషన్ సీజన్ పోయింది, అంటే ఒక సంవత్సరం. ఫిజిక్స్ ఆల్జీబ్రాతో చెప్పేది చాలు, కాలిక్యులస్‌తో చెప్పేది అక్కర్లేదు అన్న సంగతి కూడా అది సగం చదివాక తెలిసింది.

ఆ రాత్రి నేను చేసిన పని, మూడేళ్ళ ముందు చేయాల్సింది, ఒక ఎక్సెల్ షీట్. అడ్డంగా స్కూళ్ళు, నిలువుగా సబ్జెక్టులు. ఏపీ ఒప్పుకుంటారా, కమ్యూనిటీ కాలేజీ ఒప్పుకుంటారా, ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటారా, ఎన్నేళ్ళ లోపు చదివి ఉండాలి, కనీస గ్రేడు ఎంత, ఎన్ని గంటలు చూసి ఉండాలి. పది స్కూళ్ళకి రెండు గంటలు పట్టింది. డేటాబేస్‌ల మీద ఇరవై ఏళ్ళు బతికినవాడిని, కూతురి చదువుకి ఒక టేబుల్ గీయలేదంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మీరు కాలేజీ ఓరియెంటేషన్‌కి వెళ్ళేటప్పుడే ఆ షీట్ పట్టుకెళ్ళండి. అడ్వైజర్‌ని "ఈ మేజర్ మంచిదా" అని అడక్కండి. "ఈ పది స్కూళ్ళు అడిగినవన్నీ నాలుగేళ్ళలో ఎక్కడెక్కడ పడతాయో చూపించండి" అని అడగండి.

సీటు రాకపోతే?

మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న అడగడం అపశకునం. నా దృష్టిలో మేజర్ల మధ్య అసలు తేడా తెలిసేది ఇక్కడే.

ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీతో ఆగిపోతే దొరికేవి: ఆసుపత్రుల వెల్‌నెస్ సెంటర్లు, కార్డియాక్ రిహాబ్, ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో సహాయకుడు, వ్యక్తిగత శిక్షకుడు, కాలేజీ జట్లకి స్ట్రెంత్ కోచ్. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చే సర్టిఫికెట్లు ఉంటే కొంచెం మెరుగు. అమెరికా కార్మిక శాఖ 2023 లెక్కల్లో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 55 వేల డాలర్లు, అథ్లెటిక్ ట్రైనర్లది 58 వేలు. అదే లెక్కల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టులకి 96 వేలు, ఫిజికల్ థెరపిస్టులకి దాదాపు లక్ష, పీఏలకి లక్షా ముప్ఫై వేలు. నర్సులకి 86 వేలు, అదీ నాలుగేళ్ళ డిగ్రీతోనే.

బయాలజీతో ఆగిపోతే ల్యాబ్ టెక్నీషియన్ స్థాయి పనులు, ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ విభాగాలు. గొప్పగా ఏమీ ఉండదు, కానీ కాస్త విశాలం. అక్కడి నుంచి పబ్లిక్ హెల్త్, బయోఇన్ఫర్మేటిక్స్ వైపు తిరిగినవాళ్ళని చూశాను.

నర్సింగ్ గురించి మాట్లాడితే మనవాళ్ళ మొహాలు మారిపోతాయి. "మా అమ్మాయి నర్సా?" అంటారు. ఆ అమ్మాయి ఇరవై రెండేళ్ళకి ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష పాసై, లైసెన్సుతో, ఆసుపత్రిలో పనిచేస్తూ, చదువు మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. పై చదువు చదివి, రోగుల్ని చూసి మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చు. ఐసీయూలో కనీసం ఏడాది చేసి, డాక్టరేట్ చదివి, మత్తు ఇచ్చే నర్స్ అనస్థటిస్టు అయితే మధ్యస్థ జీతం రెండు లక్షల డాలర్ల పైన. ఎక్సర్‌సైజ్ సైన్స్ చేసి పీఏకి వెళ్దామనుకునే పిల్లల్లో కొందరికి నర్సింగే సూటి దారి అని నేను గట్టిగా నమ్ముతాను. ఒకే ఒక్క షరతు. రాత్రి డ్యూటీలూ మలమూత్రాలూ పట్టించుకోని మనసుండాలి. మా అమ్మాయికి లేదు, దానికే తెలుసు, అందుకే అడగలేదు.

అప్పు లెక్క

డీపీటీకి మూడేళ్ళ ఫీజు, ఖర్చులు కలిపి లక్ష డాలర్లు దాటడం మామూలు. ప్రైవేటు స్కూలైతే ఇంకా పైకి. బయటికొచ్చాక మధ్యస్థ జీతమే లక్ష దగ్గర, కొత్తలో ఇంకా తక్కువ. పీఏకి చదువు రెండేళ్ళ పైచిలుకే, జీతం ఎక్కువ. డబ్బు ఒక్కటే చూస్తే పీఏదే పైచేయి, అందులో వాదన లేదు.

2025 జులైలో వచ్చిన చట్టంతో ఇంకో మెలిక పడింది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి, గ్రాడ్యుయేట్ చదువులకి ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ ఉండదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అప్పు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష దాకా. ప్రొఫెషనల్ కోర్సులకి ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షల దాకా. ఏది ప్రొఫెషనల్ అన్నదానికి విద్యాశాఖ ప్రతిపాదించిన జాబితాలో మెడిసిన్, డెంటల్, ఫార్మసీ ఉన్నాయి, ఫిజికల్ థెరపీ, పీఏ, ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్ లేవు. కాబట్టి ఏ స్కూల్లో ఏ ఏడాది చేరుతున్నారో ఆ స్కూల్ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మూడేళ్ళ డిగ్రీ, మూడేళ్ళ డీపీటీ కలిపి ఆరేళ్ళలో ముగించే కోర్సులు కొన్ని యూనివర్సిటీల్లో ఉన్నాయి. జీపీఏ షరతు తప్పితే సీటు పోతుంది, కానీ నిలబెట్టుకోగలిగితే ఒక ఏడాది ఖర్చు మిగులుతుంది. ఇప్పుడు ఆలోచిస్తే మేం చూడాల్సింది అవే.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్ళకి

మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చేసి ఇప్పుడు మిషిగన్‌లో ఫిజికల్ థెరపిస్టు. ఇంటర్ బైపీసీ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు పట్టింది. అమెరికాలో పుట్టిన మా అమ్మాయికి అదే పని చేయడానికి నాలుగూ మూడూ ఏడేళ్ళు, మా తెలివితక్కువతనంతో ఎనిమిది. "మావయ్యా, నన్ను చూసి కుళ్ళుకోకు, నేను కాగితాలతో పడ్డ పాట్లు నీకు తెలియవు" అంటుంది.

ఆ కాగితాలు ఇవి. ముందు ఎఫ్‌సీసీపీటీ అనే సంస్థ మన బీపీటీని అమెరికా డిగ్రీతో పోల్చి చూస్తుంది. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెప్పారో, క్లినిక్‌లో ఎన్ని గంటలు చేయించారో సిలబస్‌తో సహా కావాలి. కాలేజీ నుంచి ఆ కాపీలు తెప్పించుకోవడానికే తనకి ఏడాది పట్టింది. తక్కువ పడ్డ సబ్జెక్టులు పరీక్షలు రాసో, ఇక్కడ చదివో పూడ్చుకోవాలి. ఆపైన ఇంగ్లీషు పరీక్ష టోఫెల్. చివర్లో లైసెన్సు పరీక్ష ఎన్‌పీటీఈ, 200 నుంచి 800 దాకా ఉండే స్కేలు మీద 600 రావాలి. ఒక మంచి సంగతి ఉంది. ఫిజికల్ థెరపిస్టులు, నర్సులు గ్రీన్‌కార్డు విషయంలో షెడ్యూల్ ఏ అనే జాబితాలో ఉన్నారు కాబట్టి స్థానికులెవరూ దొరకలేదని కంపెనీ ముందుగా నిరూపించాల్సిన మెట్టు వీళ్ళకి లేదు.

అందుకే ఇండియాలో బైపీసీ చదువుతూ థెరపీ మీద మనసున్న పిల్లలకి నా సలహా ఒకటే. బీపీటీ అక్కడే చేయండి. డిగ్రీ పూర్తయ్యేసరికి చేతిలో ఒక వృత్తి ఉంటుంది, అమెరికా వచ్చినా రాకపోయినా. ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ ప్రవేశాలు చూస్తాయి. 2021 చట్టంతో వచ్చిన అలైడ్ హెల్త్ కమిషన్ కింద కోర్సు కాలం, ప్రవేశ నియమాలు మారుతున్నాయి కాబట్టి సీనియర్లు చెప్పింది కాదు, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

ఇండియాలోనే స్పోర్ట్స్ సైన్స్ చేసేవాళ్ళూ పెరుగుతున్నారు. మణిపాల్‌లో, చెన్నైలో డిగ్రీలు ఉన్నాయి. ఆటల అకాడమీల్లో, జట్ల వెంట పని దొరుకుతుంది. ఆట మీద పిచ్చి ఉండి, చిన్న జీతంతో కొన్నేళ్ళు ఓపిక పట్టగలిగితే సరే. గ్వాలియర్ లక్ష్మీబాయి సంస్థ లాంటి చోట్ల చేసే బీపీఈడీ దారి వేరు, అది ప్రధానంగా వ్యాయామ ఉపాధ్యాయుల చదువు. దాన్నీ దీన్నీ కలపకండి.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఎక్సర్‌సైజ్ సైన్స్ బ్యాచిలర్స్‌కి అమెరికా రావడం మాత్రం నాకు నచ్చని బేరం. ఫెడరల్ అప్పులు మనకి రావు, విదేశీ విద్యార్థుల్ని తీసుకోని పీఏ స్కూళ్ళు చాలా ఉన్నాయి. నాలుగేళ్ళ తర్వాత చేతిలో ఉండేది లైసెన్సు లేని డిగ్రీ.

ఒక్క సందర్భంలో ఒప్పుకుంటాను. పరిశోధన వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు, అదీ మాస్టర్స్‌కి లేదా పీహెచ్‌డీకి. బీపీటీ చేసినవాళ్ళు కూడా ఇటు రావచ్చు. అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు మాఫీ, నెలకింత స్టైపెండ్. చేయడానికి పనీ బోలెడు. ఈ రంగాన్ని నిలబెట్టిన పరిశోధనల్లో ఒకటి 1953లో లండన్ బస్సుల మీద జరిగింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువని జెరెమీ మోరిస్ తేల్చాడు. హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్ ఎక్కిన నా తరం వాళ్ళకి ఆ కండక్టర్ కళ్ళముందు కనిపిస్తాడు. అమెరికాలో ఉంటున్న దక్షిణాసియా వాళ్ళ గుండెల మీద 2010 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగోల్లో మసాలా అనే అధ్యయనం నడుస్తోంది. అలాంటి పనిలో మనవాళ్ళు ఇంకా చాలామంది ఉండాలని 47కే స్టెంట్ వేయించుకున్నవాడిగా నాకు ఆశ.

ఆ దారిలో వచ్చేవాళ్ళు ఆఫర్ లెటర్ రాగానే ఒక చిన్న పని చేయండి. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం మీద మేజర్ పేరు పక్కన ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ రకమో చెప్పే అంకె, అడగండి. కినిసియాలజీ అన్న పేరుతోనే రెండు రకాల కోడ్‌లు ఉన్నాయి. 26.0908 అయితే బయాలజీ కుటుంబంలోది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో ఉంటుంది, చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద అదనంగా 24 నెలలు పనిచేసుకోవచ్చు. 31.0505 అయితే ఆ పొడిగింపు రాదు. క్లాసులు దాదాపు అవే, ప్రొఫెసర్లు అలాంటివాళ్ళే. ఆ అంకె ఏదో ఫీజు కట్టకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి ఈమెయిల్ రాసి కనుక్కోండి.